నేర్చుకోవడానికి వచ్చిన బిడ్డ అతిథే

ఒక పిల్లవాడు తన ఊరు విడిచి మన భాష నేర్చుకోవడానికి మన దగ్గరికి వచ్చాడనుకుందాం. వాడు వెంట తెచ్చుకున్న భాషను మనం ఏం చేయాలి? గుమ్మం బయట విడిచి రమ్మనాలా? లోపలికి తెచ్చుకోనివ్వాలా? డి.ఎడ్. చదివేటప్పుడు మాకు భాషా బోధన పద్ధతులు చాలా చెప్పారు. ప్రత్యక్ష పద్ధతి, అనువాద పద్ధతి, ఆటపాటల పద్ధతి అన్నీ చదివి పరీక్ష రాశాం. ఈ ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. ఇది పద్ధతికి సంబంధించింది కాదు కాబట్టి రాలేదేమో. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. బడిలో నిలబడిన ప్రతి టీచరూ తెలిసో తెలియకో రోజూ దీనికి ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉంటారు.

దీని గురించి ఆలోచించడానికి మన ఏజెన్సీకి చాలా దూరంలో జరిగే ఒక సంగతి చెబుతాను. నేను అక్కడికి పోయి చూడలేదు, చదివి తెలుసుకున్నాను. దూరపు అద్దంలో మన ముఖం ఒక్కోసారి బాగా కనిపిస్తుంది.

యూరప్‌లో భాషా సెలవులు అని ఒక అలవాటు ఉంది. వేసవి వచ్చిందంటే స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్ లాంటి దేశాల పిల్లలు ఇంగ్లండ్‌కు, ఐర్లండ్‌కు, మధ్యధరా సముద్రంలోని మాల్టా అనే చిన్న ద్వీప దేశానికి పోతారు. రెండు వారాలో, మూడు వారాలో ఉండి ఇంగ్లీష్ నేర్చుకుని వస్తారు. వాళ్లలో హైస్కూలు వయసు పిల్లలే ఎక్కువ. కొందరు హాస్టల్లో ఉంటారు, కొందరు ఆ ఊళ్లోని కుటుంబాల ఇళ్లల్లో ఉంటారు. పొద్దున మూడు గంటలు తరగతి. మధ్యాహ్నం ఆటలు, సముద్రపు ఒడ్డు, పాత కోటలు. సాయంత్రం ఇంటికి చేరి ఆ ఇంటివాళ్లతో కలిసి అన్నం తింటూ మాట్లాడాలి. ఉప్పు అందుకోమని అడగడం, కూర బాగుందని చెప్పడం, నిద్రొస్తోందని చెప్పడం అక్కడే వస్తాయి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్, బోర్న్‌మత్ లాంటి పట్టణాల్లో ఎన్నో కుటుంబాలకు ఇది ఒక ఆదాయ మార్గం కూడా.

ఆ తరగతి ఎలా నడుస్తుందో చూడండి. మొదటి రోజు ఒక చిన్న పరీక్ష పెడతారు. పాస్, ఫెయిల్ కోసం కాదు, ఎవరిని ఏ గుంపులో కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికి. ఒకే గదిలో నాలుగైదు దేశాల పిల్లలు ఉంటారు. టీచరుకు వాళ్లందరి భాషలూ రావు. అందుకని బొమ్మలతో, సైగలతో, వస్తువులతో చెబుతారు. ఒకే బొమ్మను కొద్దికొద్ది తేడాలతో రెండుగా గీసి ఇద్దరు పిల్లలకు ఇస్తారు. ఒకరిది ఒకరు చూడకూడదు, అడిగి తేడాలు పట్టుకోవాలి. అడగక తప్పదు కాబట్టి నోరు తెరుస్తారు. మంచి టీచరైతే పిల్లల పేర్లు ముందు సరిగా పలకడం నేర్చుకుంటారు. మీ ఊళ్లో ఏం తింటారు, మీ పండుగలేమిటి, మీ అమ్మమ్మ ఏం వండుతుంది అని అడుగుతారు. పిల్లవాడికి బాగా తెలిసిన సంగతే కాబట్టి మాట కోసం తడుముకున్నా విషయం కోసం తడుముకోడు. ఆ విధంగా వాడి ఇల్లే వాడి పాఠం అవుతుంది.

ఇందులో మనకు తెలియని పద్ధతి ఒక్కటీ లేదు. ఇవన్నీ మన శిక్షణ తరగతుల్లోనూ చెబుతారు. నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ స్పెయిన్ పిల్లవాడు మొదటి రోజు నోరు మెదపకుండా కూర్చుంటే అక్కడ ఎవరూ వాడికి భాష రాదు అనరు. వాడికి భాష ఉంది, అది స్పానిష్. ఇంగ్లీష్ ఇంకా రాలేదు, అంతే. వాడి మౌనాన్ని తెలివితక్కువతనంగా ఎవరూ లెక్కవేయరు. మూడు వారాల తర్వాత విమానం దిగి అమ్మతో ఎప్పటిలాగే స్పానిష్‌లో గలగలా మాట్లాడతాడు. పోయినప్పుడు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉండగానే ఇంకొకటి అదనంగా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు మన పిల్లవాణ్ణి చూద్దాం. ఉట్నూరు వైపు ఏదో ఒక గూడెం నుంచి ఆరేడేళ్ల గోండు పిల్లవాడు ఆశ్రమ పాఠశాలకు వస్తాడు. వాడూ ఇల్లు విడిచే వచ్చాడు. వాడూ తెలియని మనుషుల మధ్య పడుకుంటాడు, తెలియని వంట తింటాడు. వాడూ కొత్త భాష నేర్చుకోవడానికే వచ్చాడు. ఆ మాటకొస్తే స్పెయిన్ పిల్లవాడి కంటే వీడు చాలా చిన్నవాడు, వీడి పని రెండింతలు. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలైంది. కాబట్టి వీడు తనకు ఇంకా రాని ఇంగ్లీష్ పాఠాన్ని, ఇంకా సరిగా రాని తెలుగులో చెబుతుంటే వింటాడు. ఇంత బరువు మోసే పిల్లవాణ్ణి మనం ఏమని పిలుస్తున్నాం? భాష రాదు అంటాం. స్టాఫ్ రూంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఒక చిన్న మాట తీసుకోండి. గోండిలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. కొత్తగా వచ్చిన టీచరు దగ్గర పిల్లవాడు ఏర్ అంటే, దాహం వేస్తోందని ఆయనకు తెలియదు. వాగు దగ్గరికి పోతానంటున్నాడేమో అనుకుని కూర్చోమంటారు. పిల్లవాడు కూర్చుంటాడు. దాహం తీరదు. రెండోసారి అడగడు. ఇక్కడ లోపం ఎవరిది? గోండి, తెలుగు రెండూ ద్రావిడ భాషలే. అక్కాచెల్లెళ్ల లాంటి భాషల్లో ఒకే మాట కొంచెం పక్కకు జరిగింది. ఇది తెలిసిన టీచరుకు అదే మొదటి పాఠం అయ్యేది. మీ ఇంట్లో ఏర్, మా ఇంట్లో నీళ్లు, పుస్తకంలో వాటర్ అని మూడు మాటలు ఒకేసారి నల్లబల్ల మీదికి వచ్చేవి. తెలియని టీచరుకు మాత్రం అది పిల్లవాడి ఖాతాలో రాసే లోపం అయింది.

రెండు గదుల్లోనూ జరుగుతున్నది ఒకే పని. ఒక గదిలో వచ్చినవాడు అతిథి. ఇంకో గదిలో వచ్చినవాడు ఏమీ లేనివాడు. తేడా పాఠంలో లేదు, గుమ్మం దగ్గర చూసిన చూపులో ఉంది.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. అక్కడి పిల్లల తల్లిదండ్రులు డబ్బు కడతారు, అందుకే మర్యాద, మనది ఉచిత చదువు అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. డబ్బు కట్టే వేసవి బడిలో పిల్లవాడు నొచ్చుకుంటే వచ్చే ఏడు ఇంకో బడికి పోతాడు. మన పిల్లవాడికి ఇంకో బడి లేదు. అయితే ఈ వాదనను చివరిదాకా నడిపించి చూడండి. డబ్బు కట్టినవాడి భాషకు గౌరవం, కట్టలేనివాడి భాషకు శిక్ష అని తేలుతుంది. అలా కొనుక్కున్నది గౌరవం కాదు, సరుకు. మన గూడేల్లో ఇంటికి వచ్చినవాడికి రాం రాం చెప్పి చెంబుతో నీళ్లిచ్చేటప్పుడు అతని జేబు వైపు ఎవరూ చూడరు. ఆ నీళ్లకు వెల కట్టని మనుషుల పిల్లలకు, బడిలో మర్యాదకు వెల కట్టడం ఏ న్యాయం?

ఇంకో సంగతి. డబ్బు ఉన్నా లేకపోయినా చూపు మారగలదని, చూపు మారితే ఒకే దేశంలో ఒకే నియమం రెండు అర్థాలు ఇస్తుందని ఐర్లండ్ కథ చెబుతుంది. అది కొంచెం వివరంగా చెప్పాలి.

ఐర్లండ్‌కు ఐరిష్ అనే సొంత భాష ఉంది. ఇంగ్లీష్‌కు దానికి దగ్గరి పోలిక లేదు. ఆ దేశం శతాబ్దాల పాటు ఇంగ్లండ్ పాలనలో ఉంది. 1831లో అక్కడ జాతీయ పాఠశాలల వ్యవస్థ పెట్టారు. చదువంతా ఇంగ్లీష్‌లో. 19వ శతాబ్దంలో చాలాచోట్ల పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసేవారు. పిల్లవాడు ఐరిష్‌లో ఒక మాట అంటే కర్ర మీద ఒక గాటు పెట్టేవారు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు కొట్టేవారు. ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఆ గాట్లు పెట్టినవాళ్లలో ఇంటి దగ్గరి తల్లిదండ్రులు కూడా ఉన్నారు. వాళ్లకు పిల్లల మీద ప్రేమ లేక కాదు. 1845లో మొదలైన పెద్ద కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనం ఓడలెక్కి పరదేశాలకు పోయారు. ఐరిష్ మాట్లాడే పడమటి పేద ఊళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది. బతకాలంటే అమెరికా పోవాలి, పోవాలంటే ఇంగ్లీష్ రావాలి. ఆ తల్లి తన భాషను వదలమని చెప్పింది ఇష్టపడి కాదు, భయపడి.

ఇప్పుడు అదే ఐర్లండ్‌కు వేసవిలో స్పెయిన్ పిల్లలు, ఇటలీ పిల్లలు ఇంగ్లీష్ నేర్చుకోవడానికి వస్తున్నారు. తాతలకు కర్రతో నేర్పిన భాష మనవళ్లకు కూడు పెడుతోంది. దీన్ని చూసి చివరికి మంచే జరిగింది కదా అనే వాళ్లుంటారు. లాభం వచ్చిందన్నది నిజమే. అయితే లాభం వచ్చినంత మాత్రాన దెబ్బ న్యాయమైపోదు. స్పెయిన్ పిల్లవాడు ఏ దెబ్బా తినకుండా అదే ఇంగ్లీష్ నేర్చుకుని పోతున్నాడు కదా. అంటే ఇంగ్లీష్ రావడానికి ఆ కర్ర అవసరం ఎన్నడూ లేదు. ఈ ఒక్క సంగతి ప్రతి బడి గోడ మీదా రాసుకోదగ్గది.

ఆ దేశంలోనే ఇంకో రకం భాషా సెలవు కూడా ఉంది. పడమటి తీరంలో ఐరిష్ ఇంకా ఇంటి భాషగా మిగిలిన ప్రాంతాలను గేల్టాక్ట్ అంటారు. పట్టణాల్లో ఇంగ్లీష్ మాట్లాడుతూ పెరిగిన ఐరిష్ పిల్లలు వేసవిలో మూడు వారాలు ఆ పల్లెలకు పోయి తమ తాతల భాష నేర్చుకుంటారు. ఆ ఊరి ఇళ్లల్లోనే ఉంటారు. అన్నం పెట్టి, పక్క వేసి, మాట దిద్దే ఇంటి ఇల్లాలే అక్కడ పెద్ద టీచరు. పిల్లలను ఇంట్లో పెట్టుకున్నందుకు ప్రభుత్వం ఆ ఇళ్లకు రోజు లెక్కన డబ్బిస్తుంది. పొద్దున తరగతులు, రాత్రి అందరూ కలిసి ఆడే నృత్యాలు. ఈ బడుల్లో మొదటిది 1904లో కార్క్ ప్రాంతంలోని బాలింగీరీ అనే ఊళ్లో మొదలైంది. అది పెట్టింది పిల్లల కోసం కాదు, ఉపాధ్యాయుల కోసం. ముందు టీచర్లు నేర్చుకోవాలి, తర్వాతే పిల్లలకు అనుకున్నారు.

ఆ బడుల్లో ఒక గట్టి నియమం ఉంది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఇంగ్లీష్ మాట్లాడకూడదు. చెప్పినా వినకుండా మాట్లాడితే కొన్ని బడుల్లో పిల్లలను ఇంటికి పంపించేస్తారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒకప్పుడు బడిలో ఐరిష్ మాట్లాడకూడదన్నారు. ఇప్పుడు బడిలో ఇంగ్లీష్ మాట్లాడకూడదంటున్నారు. మన హాస్టళ్లలో కూడా ఇంటి భాష మాట్లాడకూడదన్న సార్లు ఉండేవారు. నేను చదువుకున్న చోట గోండి మాట్లాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఈ మూడూ ఒకటేనా? ఒక భాష వద్దనడం తప్పయితే గేల్టాక్ట్‌లో కూడా తప్పే కావాలి. అక్కడ ఒప్పయితే మన హాస్టల్లో కూడా ఒప్పే కావాలి. తర్కం అలాగే చెబుతుంది. మనసు మాత్రం ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో మాటల్లో పెట్టడమే ఈ వ్యాసంలో నా పని.

నాకు తోచిన జవాబు ఇది. నియమంలోని మాటలను బట్టి దాని న్యాయం తేలదు. మూడు ప్రశ్నలు వేస్తే తేలుతుంది.

మొదటిది, వద్దన్న భాషకు వేరే చోట ఏమైనా చోటు ఉందా? గేల్టాక్ట్‌లో మూడు వారాలు ఇంగ్లీష్ వద్దంటే ఇంగ్లీష్‌కు జరిగే నష్టం సున్నా. ఆ పిల్లవాడి టీవీలో, ఫోన్లో, వీధిలో, కొలువులో అది వాడి కోసం కాచుకుని ఉంది. పాత బడిలో ఐరిష్ వద్దంటే అది పోవడానికి ఇల్లు ఒక్కటే మిగిలింది, చివరికి ఆ ఇంట్లోనే కర్ర మీద గాటు పడింది. మన గోండికి, కొలామీకి, కోయకు ఆఫీసులో చోటు లేదు, బస్సు బోర్డు మీద లేదు, పరీక్ష పేపర్లో లేదు. బడిలో కూడా లేదంటే ఇక ఎక్కడికి పోవాలి? బలమైనదాన్ని కాసేపు ఆగమనడం వేరు, బలహీనమైనదాన్ని వెళ్లగొట్టడం వేరు.

రెండోది, ఒప్పుకున్నది ఎవరు, ఎలాంటి స్థితిలో? మన తల్లిదండ్రులే ఇంగ్లీష్ కావాలంటున్నారు, మీకేం అభ్యంతరం అని కొందరు మిత్రులు అడుగుతారు. నిజమే, కావాలంటున్నారు, వాళ్లు అడగడంలో తప్పు లేదు. బ్యాంకు కాగితం, కోర్టు కాగితం, పెద్ద చదువు, పెద్ద కొలువు ఇంగ్లీష్‌లో ఉంటే తమ బిడ్డకు ఇంగ్లీష్ రావాలని ఏ తల్లి కోరుకోదు? మీకు మీ భాష చాలు అని చెప్పి మన పిల్లలను ఇంగ్లీష్‌కు దూరం పెట్టే మాటను నేను ఒప్పుకోను. అలా చెప్పేవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ముందు చూడండి. అయితే తల్లి అడిగింది ఇంగ్లీష్ ఇమ్మని. గోండి తీసుకొమ్మని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఒకటి ఇస్తే ఒకటి పోవాల్సిందేనని ఆమెను నమ్మించింది మనం. ఐర్లండ్ తల్లిని ఆకలి నమ్మించింది. ఆకలి పెట్టించిన వేలిముద్రను ఒప్పుదల అనకూడదు.

మూడోది, బిడ్డ తిరిగి ఇంటికి పోయేటప్పుడు ఎలా పోతాడు? స్పెయిన్ పిల్లవాడు ఇంకో భాషతో పోతాడు. గేల్టాక్ట్‌కు పోయిన పిల్లవాడు తాతతో మాట్లాడే నాలుగు మాటలు పట్టుకుని పోతాడు. మన హాస్టల్ పిల్లవాడు దసరాకు ఇంటికొస్తే అవ్వ గోండిలో అడిగినదానికి తెలుగులో జవాబు చెబుతున్నాడా? అర్థమై కూడా అర్థం కానట్టు తల దించుకుంటున్నాడా? పదో తరగతిలో వచ్చిన మార్కుల పక్కన ఈ లెక్క కూడా వేయాలి. అవ్వతో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లవాణ్ణి తయారు చేసిన బడి ఎన్ని మార్కులు తెచ్చినా అప్పులోనే ఉన్నట్టు.

ఒకటి వస్తే ఒకటి పోక తప్పదా అన్నదానికి మాల్టా జవాబు చెబుతుంది. ఆ దేశ జనాభా ఐదున్నర లక్షలు. అక్కడ మాల్టీస్, ఇంగ్లీష్ రెండూ అధికార భాషలు. బయటి పిల్లలకు ఇంగ్లీష్ నేర్పి సంపాదిస్తారు, ఇంట్లో, బజారులో, పార్లమెంటులో మాల్టీస్ మాట్లాడుకుంటారు. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు మాల్టీస్ ఆ యూనియన్ అధికార భాషల్లో ఒకటైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో గోండి లేదు. సంతాలీ, బోడో భాషలు 2003లో చేరాయి కాబట్టి తలుపు ఆదివాసులకు పూర్తిగా మూసి లేదు. కాబట్టి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి భాష నిలవదు అనే మాట ఇకనుంచి ఎవరైనా అంటే మాల్టా పేరు చెప్పండి.

ఐర్లండ్ ఇచ్చే హెచ్చరికనూ మరచిపోవద్దు. ఆ దేశ రాజ్యాంగం 1937లోనే ఐరిష్‌ను మొదటి అధికార భాష చేసింది. ప్రభుత్వం డబ్బు పెడుతోంది, బడుల్లో అందరికీ నేర్పుతోంది. అయినా 2022 జనాభా లెక్కల్లో, చదువు బయట రోజూ ఐరిష్ మాట్లాడతామన్నవాళ్లు 72 వేల లోపే. ఒకసారి ఇంట్లోంచి పోయిన భాషను తిరిగి తేవడానికి రాజ్యాంగం, డబ్బు, వందేళ్ల పట్టుదల కూడా చాలడం లేదు. వాళ్లకు చట్టంలో చోటు దొరికింది, ఇల్లు చేజారింది. మనకు చట్టంలో చోటు ఇంకా దొరకలేదు, ఇల్లు ఇంకా ఉంది. ఏది మిగిలి ఉందో దాన్ని ముందు కాపాడుకోవాలి.

మనకు దారి చూపినవాళ్లు లేరా అంటే ఉన్నారు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన తెలుగు కోసం చేసిన పోరాటం అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, ఆ భాషలో పుస్తకాలు రాసిన సంగతి మన బడుల్లో ఎంతమందికి చెబుతున్నాం? నేర్పడానికి ముందు ఆయన తాను శిష్యుడై కూర్చున్నారు. మన ఆదిలాబాద్ వైపు చూస్తే 1940లో కుమ్రం భీం అమరుడైన తర్వాత హైమన్‌డార్ఫ్ వచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో నాగరి లిపితో వాచకాలు తయారయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామీ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు వచ్చాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. అవకాశం ఉన్నంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. పుస్తకం, చట్టం రెండూ ఉన్నాయి. అవి బీరువాలో ఉంటాయా, పిల్లవాడి ముందుకు వస్తాయా అన్నది తరగతి గదిలో ఉన్న మనిషి చేతిలో ఉంది.

ఆ మనిషి ఏం చేయగలడు? జీవో కోసం ఎదురుచూడకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లవాడి పేరును వాళ్ల అమ్మ పలికినట్టు పలకడం నేర్చుకోవచ్చు. భాష రాదు అనే మాటను స్టాఫ్ రూంలోంచి తీసేసి, తెలుగు ఇంకా రాలేదు అనవచ్చు. ఇంగ్లీష్ పాఠంలో లండన్ వంతెన బదులు మన సంతను, ఇప్పపువ్వును, మంచెను పెట్టి మాట్లాడించవచ్చు. ఇంగ్లీష్‌లో మేము, మనం రెండింటికీ ఒకే మాట ఉందని, వినేవాణ్ణి కలుపుకుని చెప్పే మనం అనే మాట మన దగ్గర విడిగా ఉందని చెప్పవచ్చు. అప్పుడు ఇంగ్లీష్ కూడా కొన్ని లోట్లున్న ఒక భాషే అని పిల్లవాడికి తెలుస్తుంది, భయం పోతుంది. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన టీచరైతే రోజుకు ఒక్క మాట పిల్లల దగ్గర నేర్చుకోవచ్చు. తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. టీచరు తప్పు పలికి, నవ్వించుకుని, మళ్లీ సరిగా పలికే ప్రయత్నం చేయడం చూసిన పిల్లవాడు ఇంగ్లీష్‌లో తప్పు మాట్లాడటానికి భయపడడు.

ఇంకో పని మన సంఘం చేయాల్సింది. ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో, ఆదిలాబాద్‌లో, హైదరాబాద్‌లో స్థిరపడిన మన ఉద్యోగుల పిల్లలు చాలామంది గోండి అర్థం చేసుకుంటారు, మాట్లాడరు. కొందరికి అర్థం కూడా కాదు. వాళ్ల కోసం వేసవిలో పది రోజుల భాషా సెలవు మన గూడేల్లోనే ఎందుకు పెట్టకూడదు? దీనికి ఐర్లండ్ నుంచి అనుమతి అక్కర్లేదు. దీపావళి రోజుల్లో దండారి బృందం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అతిథిగా పోవడం, ఆ ఊరు గుస్సాడీలను ఎదురుకొని తీసుకెళ్లి అన్నం పెట్టడం, రాత్రి ఆడిపాడటం మనకు ఎప్పటి నుంచో ఉంది. అతిథిగా పోవడం, అతిథిని ఉంచుకోవడం తెలిసిన జాతి మనది. దానికి మాట నేర్చుకోవడం కలిపితే చాలు.

దానికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. పిల్లలను ఉంచుకున్న ఇంటికి, కథ చెప్పిన అవ్వకు ఖర్చు ఇవ్వాలి, ఊరికే వాడుకోకూడదు. అది చూసిపోయే వినోదం కాకూడదు, ఫోన్ ఎత్తి ఆడమనడం ఉండకూడదు. ఏది చెప్పాలో, దేవతలకు సంబంధించి ఏది బయటికి చెప్పకూడదో పెద్దలే తేల్చాలి. ఆ పది రోజులూ తెలుగు, ఇంగ్లీష్ వద్దు అనే నియమం కూడా పెట్టవచ్చు. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ అది నిలుస్తుంది, ఎందుకంటే ఆ రెండు భాషలూ పదకొండో రోజు రోడ్డు మీదే ఎదురుచూస్తుంటాయి. మొదటి ఏడు మాత్రం బాలింగీరీలో చేసినట్టు పిల్లలను కాకుండా టీచర్లను పంపుదాం. ఏజెన్సీలో పనిచేసే ప్రతి టీచరూ పది రోజులు ఒక గూడెంలో, తమ మాట ఎవరికీ అర్థం కాని చోట ఉండి, దాహం వేసినప్పుడు నీళ్లు అడగడానికి మాట కోసం తడుముకోవాలి. ఆ పది రోజులు గడిపినవాళ్లకు నా వ్యాసం అక్కర్లేదు.

యువతకు ఒక మాట. ఇంగ్లీష్ గట్టిగా నేర్చుకోండి, తప్పులు మాట్లాడుతూనే నేర్చుకోండి. దాని దగ్గరికి అతిథిలా పోండి, బానిసలా వద్దు. అతిథి ఇంకొకరి ఇంట్లో నాలుగు రోజులుండి, మంచిచెడ్డలు చూసి, తన ఇంటి దారి గుర్తుపెట్టుకుని వస్తాడు. టీచర్లకు ఒక మాట. జూన్‌లో బడి తెరిచిన రోజు కొత్త పిల్లవాడు గుమ్మంలో నిలబడితే రిజిస్టర్ తీయడానికి ముందు వాడి భాషలో నీళ్లను ఏమంటారో అడగండి. వాడు చెబుతాడు. ఆ మాటను వాడి ముందే మీరు పలకండి. ఆ తర్వాత మీరు ఏ భాష నేర్పినా వాడు నేర్చుకుంటాడు.